నాన్నగారి వాచీ బెల్టు

పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లెలు పెట్టిన ఫోటో మీరందరూ చూసే ఉంటారు. వాళ్లాయన వాచీ, బెల్టు తెగిపోయింది. "వాచీ కొన్న డబ్బులకంటే బెల్టుకే ఎక్కువ అడుగుతున్నారు షాపులో, బయటవి కొంటే సరిపోతాయా, ఎవరికైనా తెలిస్తే చెప్పండి అక్కా" అని అడిగింది. అరగంటలో ముప్ఫై మెసేజీలు. ఒకరు మస్కట్‌లో రూవీ వెళ్లమన్నారు, ఒకరు ఇండియా నుంచి తెప్పించుకోమన్నారు, ఒకరేమో కొత్త వాచీ కొనిపెట్టెయ్ అని సలహా ఇచ్చారు. నేనూ ఏదో రాయబోయాను. సగం రాసి చెరిపేశాను. రెండోసారి మొదలుపెట్టి మళ్లీ చెరిపేశాను. "టైపింగ్ అని వస్తోంది, మెసేజీ రావట్లేదు, ఏంటి సంగతి?" అని మన పత్రిక చూసే అక్క విడిగా అడిగారు. అదీ సంగతి. వాచీ బెల్టుల గురించి నాకు తెలిసిందంతా ఒక్క వాచీతో నేర్చుకున్నాను. అందుకే రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను.

ఆ వాచీ మా నాన్నగారిది. హెచ్‌ఎంటీ జనతా. 1981లో పెళ్లికి మా తాతగారు పెట్టారు. మన అమ్మానాన్నల తరం పెళ్లిళ్లలో వాచీ, సైకిలు, రేడియో అని అడిగేవారు కదా, అందులో వాచీ అంటే దాదాపుగా హెచ్‌ఎంటీనే. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలుపెట్టిన వాచీలవి. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. బ్యాటరీ గొడవ లేదు. నాన్నగారు తణుకు డిపోలో కండక్టరు. ఎడం చేతికి వాచీ, భుజాన క్యాష్ బ్యాగు, చెవి మీద పెన్ను. అదీ నాకు గుర్తున్న ఆయన. ఎండాకాలం డ్యూటీ చేసి వస్తే బెల్టు చెమటకి తడిసిపోయి చేతి మీద నల్లగా మరక పడేది. ఏడాదికో బెల్టు పోయేది. సంక్రాంతికి మాకు బట్టలు కుట్టించినప్పుడు వాచీకి కొత్త బెల్టు వేయించేవారు, బస్టాండు పక్కన అద్దాల డబ్బాలో కూర్చునే రిపేరు అతని దగ్గర. కొత్త తోలు వాసన కోసం నేను ఆయన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. 2012లో రిటైరయ్యాక కూడా వాచీ తియ్యలేదు. టైముతో పనేముంది నాన్నగారండీ అంటే, "చెయ్యి బోసిగా ఉంటుందమ్మా" అనేవారు.

నా సంగతి చూడండి, నర్సునై ఉండి నాకు చేతికి వాచీ లేదు. ఇక్కడ ఇంగ్లండు ఆసుపత్రుల్లో మోచేతి కింద ఏమీ ఉండకూడదు. 2007లో ప్రకటించారు, మరుసటి ఏడాది నుంచి ఆసుపత్రుల్లో అమల్లోకి వచ్చింది. వాచీ తీసెయ్యాలి, గాజులు తీసెయ్యాలి, రాళ్లు లేని పెళ్లి ఉంగరం ఒక్కటి ఉంచుకోవచ్చు. చేతులు సరిగ్గా కడుక్కోవడం కోసం. టైము చూడ్డానికి గుండీ దగ్గర తలకిందులుగా వేలాడే చిన్న గడియారం ఉంటుంది మాకు, మనం వంగి చూస్తే అంకెలు సరిగ్గా కనపడతాయి. నేను వచ్చిన కొత్తలో అది చూసి మా అమ్మ "మెడల్ ఇచ్చారా?" అని అడిగింది.

2018 మార్చిలో, ఒక ఆదివారం వీడియో కాల్‌లో, నాన్నగారు చెయ్యి పైకెత్తి చూపించారు. "అమ్మడూ, బెల్టు వదులైపోయింది. ఇదిగో, మోచేతి దాకా జారుతోంది. ఇక్కడి డబ్బా అతను కొట్టు తీసేశాడు. అక్కడ మంచివి దొరుకుతాయి కదా, చిన్న బెల్టు ఒకటి పంపు" అన్నారు. వాచీ నిజంగానే మోచేతి వైపు జారింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన జన్మలో నన్ను ఏదీ అడగలేదు. చాక్లెట్లు వద్దు, షర్టులు వద్దు, ఫోను వద్దు. మొదటిసారి అడిగారని నాకు భలే సంతోషమేసింది. అదే రోజు మొదలుపెట్టాను.

ఇక్కడే నా మొదటి తప్పు. మీరు చెయ్యకండి. సైజు కావాలి కదా అని, స్కేలు పెట్టి బెల్టు వెడల్పు కొలవమన్నాను. ఆయన మనవడి స్కేలు తీసుకుని, బకిల్ దగ్గర కొలిచి, 16 మిల్లీమీటర్లు అన్నారు. సరిగ్గానే కొలిచారు. కానీ చాలా బెల్టులు పైనుంచి కిందకి సన్నబడతాయి. వాచీ దగ్గర 18 ఉంటే బకిల్ దగ్గర 16 ఉంటుంది. మనకి కావలసింది బెల్టు వెడల్పు కాదు, వాచీకి రెండు వైపులా పొడుచుకొచ్చే చెవులుంటాయి చూడండి, ఆ రెండు చెవుల మధ్య ఖాళీ. లోపలి వైపు నుంచి లోపలి వైపుకి. మగవాళ్ల వాచీలకి 18, 20, 22 ఎక్కువగా ఉంటాయి, ఆడవాళ్ల చిన్న వాచీలకి 12, 14, 16. ఒక్క మిల్లీమీటరు పెద్దదైతే తోలుని నొక్కి దూర్చొచ్చు. చిన్నదైతే మాత్రం వాచీ పక్కకీ పక్కకీ ఆడుతుంది, పిన్ను బయటికి కనపడుతుంది.

భీమవరం వెళ్తున్న స్నేహితురాలి చేత 16 పంపాను, మంచి తోలుది, పన్నెండు పౌన్లు. ఏప్రిల్‌లో చేరింది. "చెవుల మధ్య గుర్రంలా ఆడుతోందమ్మా" అన్నారు నాన్నగారు. ఆయనకి నా డబ్బులు దండగైపోయాయని బాధ.

మే నెలలో రెండోది. ఈసారి తెలివిగా ఇండియాలోనే ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాను, 18. అసలైన తోలు అని రాశారు. వెడల్పు సరిపోయింది, పొడవు సరిపోలేదు. పొడవు సంగతి నేనసలు చూడనేలేదు. బెల్టు రెండు ముక్కలుగా వస్తుంది కదా, బకిల్ ఉన్న ముక్క 75 మిల్లీమీటర్లు, కన్నాలున్న ముక్క 115, 120 దాకా ఉండేది మామూలు మగవాళ్ల సైజు. సన్నటి మణికట్టుకి పొట్టి సైజు అని విడిగా అమ్ముతారు. మనలో చాలామందికి ఆ పొట్టిదే కావాలి. కాగితం ముక్క చేతి చుట్టూ చుట్టి, గుర్తు పెట్టి, స్కేలు మీద పరిచి చూసుకుని ఆర్డరు పెట్టండి. నాన్నగారు చివరి కన్నంలో పెట్టుకున్నా వదులే. చెప్పులు కుట్టే అతని దగ్గర ఇంకో రెండు కన్నాలు పొడిపించుకున్నారు. తోకముక్క బయటికి వేలాడుతుంటే అమ్మ దారంతో కట్టింది. పైగా ఆ అసలైన తోలు రెండు నెలల చెమటకి పొరలు పొరలుగా లేచిపోయింది. తోలు పొడిని జిగురుతో అతికించి పైన తోలులా అచ్చు వేస్తారట. అంచు చూస్తే తెలుస్తుంది, మంచి తోలు అంచు పీచు పీచుగా ఒకే ముక్కలా ఉంటుంది, ఇది అట్టలా ఉంటుంది.

జూలైలో మూడోది, వెడల్పు 18, పొట్టి సైజు, ఇక్కడి నుంచే పోస్టులో. అది చేరిన రోజు నాన్నగారు ఫోన్‌లో చెయ్యి అటూ ఇటూ తిప్పి చూపించారు. "ఇప్పుడు సరిపోయింది. మా అమ్మాయి సాధించింది" అన్నారు. నేను వార్డులో అందరికీ చెప్పుకున్నాను.

ఆగస్టు చివర్లో మళ్లీ అన్నారు, "ఇదీ వదులైందమ్మా" అని.

నేనేం చెప్పానో నాకు మాటకి మాట గుర్తుంది. "కొత్త తోలు కదా నాన్నగారండీ, సాగుతుంది. ఇంకో కన్నం పొడిపించుకోండి." పొడిపించుకున్నారు. సెప్టెంబర్‌లో ఇంకోటి.

అమ్మకి తెలియలేదా అని మీరు అనుకోవచ్చు. రోజూ చూసే మనిషికి తెలియదు. "షుగరు కదే, రాత్రిపూట అన్నం మానేశారు, కాస్త తగ్గారు, మంచిదే కదా" అంది ఒకసారి. నేనూ మంచిదే అన్నాను. ఇక వీడియో కాల్ సంగతి మీకు తెలిసిందే. మన పెద్దవాళ్లు ఫోను గడ్డం కింద పెట్టుకుని మాట్లాడతారు. కింది నుంచి చూస్తే ఎంత చిక్కిన ముఖమైనా నిండుగానే కనపడుతుంది. ఏడు నెలల్లో నాకు ఆయన ముఖం, సీలింగు ఫ్యాను, వాచీ ఇవే కనపడ్డాయి. మూడింట్లో నిజం చెప్పింది వాచీ ఒక్కటే.

అక్టోబర్‌లో దసరాకి వెళ్లాను. గన్నవరం ఎయిర్‌పోర్టు బయట నా సూట్‌కేసు అందుకోవడానికి నాన్నగారు చెయ్యి చాచారు. ఆ చెయ్యి చూశాను. ఆరడుగుల మనిషి. నేను మనిషిని చూడలేదు, ఎముక మీద వాచీ చూశాను. కారెక్కగానే అమ్మని అడిగాను, చివరిసారి బరువు ఎప్పుడు చూశారని. జనవరిలో షుగరు డాక్టరు చీటీ మీద 72 అని ఉంది. ఆ సాయంత్రం మందుల షాపులో కాటా ఎక్కిస్తే 59.

మాకు వార్డులో పేషెంటు చేరగానే నింపే కాగితం ఒకటుంది. మనిషికి తిండి సరిపోతోందా లేదా అని చూసే లెక్క, ఈ దేశమంతటా 2003 నుంచి వాడుతున్నారు. గత మూడు నుంచి ఆరు నెలల్లో అనుకోకుండా బరువు అయిదు నుంచి పది శాతం తగ్గితే ఒక మార్కు, పది దాటితే రెండు. రెండు వచ్చిందంటే ప్రమాదం ఎక్కువ అని. కొందరిని కాటా ఎక్కించలేం, మంచం దిగలేరు. వాళ్లకి ఏం చూడాలో కూడా అందులోనే ఉంది. బట్టలు వదులయ్యాయా, ఒంటి మీద నగలు వదులయ్యాయా అని అడగాలి. ఉంగరాలు ఉన్నాయి, వాచీలు ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా నేను ముక్కూమొహం తెలియని ముసలివాళ్ల మంచం పక్కన నిలబడి, "ఈమధ్య మీ వాచీ వదులైందా?" అని అడుగుతున్నాను. మా నాన్న తనంతట తనే ఫోన్ చేసి, చెయ్యి ఎత్తి చూపించి, వదులైందని చెబితే బెల్టు పంపాను. మూడు బెల్టులు పంపాను.

విజయవాడలో ఎండోస్కోపీ చేశారు. కడుపులో క్యాన్సరు. అప్పటికే కాలేయానికి పాకింది. ఫిబ్రవరిలో పోయారు. మార్చిలోనే తెలిసి ఉంటే అని డాక్టరుని అడిగాను. తెలియదమ్మా, చెప్పలేం అన్నారు. అది నిజమే, నేనూ ఎంతోమందికి అదే మాట చెప్పాను. అటు నిలబడి చెప్పడం వేరు, ఇటు నిలబడి వినడం వేరు.

పదకొండో రోజు తర్వాత అమ్మ వాచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. తమ్ముడు వద్దన్నాడు, వాడికి ఫోను చాలు. అక్కడే కూర్చుని పెట్టుకుని చూశాను. నాన్నగారి చివరి కన్నం నా చేతికి బిగుతుగా, సరిగ్గా సరిపోయింది. నేను అయిదడుగుల ఒక అంగుళం. మీకు ఇంకేం చెప్పను.

రెండేళ్లు బీరువాలో ఉంచాను. కీ ఇవ్వలేదు. తోలు ఎండి పగిలిపోవడం మొదలైంది. మా అమ్మాయే ఒకరోజు పట్టుకొచ్చి "మమ్మీ, తాతయ్య వాచీ పాడైపోతోంది" అంది. సరే అని బర్మింగ్‌హామ్‌లో జ్యూయెలరీ క్వార్టర్‌కి వెళ్లాను. ఇక్కడున్నవాళ్లకి తెలుసు, వైస్ స్ట్రీటు పొడుగునా బంగారం కొట్లు. ఆ సందుల్లో వాచీలు బాగుచేసేవాళ్లు కూడా ఉన్నారు. ఒక చిన్న కొట్టులో తెల్లాయన, డెబ్బై ఏళ్లుంటాయి, కంటికి భూతద్దం. మా బస్టాండు డబ్బా అతనే లేచొచ్చినట్టు అనిపించింది.

వాచీ వెనకాల మూత తీసి చూసి, బాగుంది, తుడిస్తే చాలు అన్నారు. పిన్నులు తుప్పు పట్టాయి, ముందు అవి మార్చాలి అన్నారు. ఇది గుర్తుపెట్టుకోండి, బెల్టు ఎంత ఖరీదైనదైనా వాచీని పట్టుకునేది ఆ స్ప్రింగు పిన్ను. అగ్గిపుల్లంత కూడా ఉండదు. పాత పిన్నుకి కొత్త బెల్టు వెయ్యకండి. ఈమధ్య గోటితో లాగితే ఊడొచ్చే చిన్న మీట ఉన్న బెల్టులు కూడా వస్తున్నాయి, పనిముట్టు అక్కర్లేదు, గీతలు పడవు.

ఏ బెల్టు కావాలి అని నాలుగు ముందు పెట్టారు. గుడ్డ పట్టీ చూపించారు, వాచీ కింద నుంచి రెండు పిన్నుల్లోనూ దూరి వెళ్లే పొడుగాటి ఒకే ముక్క. నేటో పట్టీ అంటారు, 1973లో ఇక్కడి రక్షణశాఖ సైనికుల కోసం లెక్క రాసి పెట్టిన పట్టీ అది. ఒక పిన్ను ఊడినా రెండోదానికి వాచీ వేలాడుతుంది, కింద పడదు. గల్ఫులో ఉన్నవాళ్లకి నేను ఇదే చెబుతాను, లేదా రబ్బరుది. ఆ ఎండకి, చెమటకి తోలు ఆగదు. వీటినైతే సబ్బుతో కడుక్కోవచ్చు. చైను కూడా చూపించారు. చైనుతో రెండు చిక్కులు. చెవుల దగ్గర చైను చివర మన వాచీ వంపుకి సరిపడాలి, బయట కంపెనీవి చాలావరకు తిన్నగా ఉంటాయి, మధ్యలో సందు కనపడుతుంది. రెండోది, చవక చైన్ల పూత పోతే కింద నికెల్ బయటపడుతుంది, దురద, పొక్కులు. రోల్డ్ గోల్డు కమ్మలు పడని చెవులున్నవాళ్లు చైను కొనేటప్పుడు జాగ్రత్త. వలలాగా అల్లిన చైను ఒకటుంది, దానికి లింకులు తియ్యక్కర్లేదు, క్లిప్పు జరుపుకుంటే చాలు. చేతులు ఉబ్బేవాళ్లకి, గర్భంతో ఉన్నవాళ్లకి అది హాయి.

నేను తోలుదే తీసుకున్నాను. గోధుమరంగు, పొట్టి సైజు, పద్దెనిమిది పౌన్లు.

ఆయన పాత బెల్టు విప్పి, పారెయ్యబోతూ ఆగారు. దీపం కింద పెట్టి చూశారు. కంపెనీ వేసిన కన్నాలు ఏడు, చేత్తో పొడిచినవి మూడు. ఒక్కో కన్నం దగ్గర బకిల్ నొక్కిన గీత. మొదటిది కొంచెం లోతు, తర్వాతది అంతకంటే తక్కువ, చివరిది బాగా లోతు. వేలితో ఆ గీతల మీద వరసగా రాస్తూ, నా వైపు చూడకుండానే, "పాపం, ఈయన చిక్కిపోయారు కదా" అన్నారు.

ఒక్క నిమిషం పట్టింది ఆయనకి. నేను కొట్టులోనే ఏడ్చేశాను. ఆయన టీ పెట్టి ఇచ్చారు, పాత బెల్టు చిన్న కవరులో వేసి ఇచ్చారు.

ఇప్పుడు సెలవు రోజుల్లో ఆ వాచీ పెట్టుకుంటాను. రోజుకి రెండు నిమిషాలు ముందుకి పోతుంది. డ్యూటీ రోజు బల్ల మీద ఉంచి వెళ్తాను, మా అమ్మాయి కీ ఇస్తుంది.

పోయిన ఏడాది ఉగాదికి అమ్మతో వీడియోలో మాట్లాడుతుంటే, ఉంగరానికి తెల్లదారం చుట్టి ఉండటం చూశాను. మనవాళ్లందరూ చేసేదే, ఉంగరం వదులైతే వెనకాల దారం చుట్టుకోవడం. మాట మధ్యలో ఆపేసి ఎప్పటి నుంచి అని అడిగాను. ఎప్పటి నుంచో అంది. తమ్ముడికి ఫోన్ చేసి ఆ రోజే కాటా కొనిపించాను, రక్తపరీక్షలు చేయించాను. "ఉంగరానికి దారం చుట్టుకున్నందుకు మనిషిని కాటా ఎక్కిస్తావేమే, నీ నర్సు ఉద్యోగం తగలెయ్యా" అని అమ్మ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. బరువు 54 ఉంది, అంతకు ముందు ఏడాది చీటీలో 55. పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. ఆ ఉంగరం మొదటి నుంచీ వదులేనట, అత్తగారిదట, కరిగించడం ఇష్టం లేక నలభై ఏళ్లుగా దారం మారుస్తూ వస్తోందట. నాకెప్పుడూ కనపడలేదు.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకున అమ్మ కాటా ఫోటో పంపుతుంది, పాదాలతో సహా. నేను అడక్కుండానే. ఈ నెల అరకిలో పెరిగింది. కింద ఒక ముక్క రాసింది: "నిన్న గారెలు చేసుకున్నాం. లెక్కలో రాసుకో."